ఫోన్ ఇంట్లో, గడియారం చేతికి: సొంత కనెక్షన్‌కు డబ్బు పెట్టవచ్చా?

ఈ నెల విశాఖపట్నం పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే వస్తువు గురించి ఉన్నాయి. ఫోన్ దగ్గర లేకపోయినా కాల్స్ చేయగల, సొంత మొబైల్ కనెక్షన్ ఉన్న స్మార్ట్‌వాచ్ కొనవచ్చా అన్నదే వాటి సారాంశం. మొదటి ఉత్తరంలో ఒక కుటుంబం ఆందోళన ఉంది కనుక దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున ఒక్కరే బీచ్ రోడ్డులో నడకకు వెళ్తారు. ఫోన్ తీసుకెళ్లమంటే ససేమిరా అంటారు. పోయిన ఏడాది తెన్నేటి పార్కు దగ్గర కాలు మడత పడి కింద పడ్డారు. దారిన పోయే ఒక పుణ్యాత్ముడు ఆయన చెప్పిన నంబరుకు ఫోన్ చేసేదాకా మాకు విషయం తెలియలేదు. బెంగళూరులో ఉన్న తమ్ముడు సెల్యులర్ గడియారం కొందామంటున్నాడు. దుకాణంలో అడిగితే మామూలు రకానికీ, సిమ్ ఉన్న రకానికీ వేలల్లో తేడా చెప్పారు. నాన్నగారిది శామ్‌సంగ్ ఫోన్, నాది ఐఫోన్. ఆ తేడా చెల్లించడం అవసరమా, దండగా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ నాన్నగారి విషయంలో ఆ తేడా చెల్లించడం అవసరమేనని నా అభిప్రాయం. అయితే ఏ గడియారం కొనాలి, దాని నుంచి ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు అన్నవి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టండి.

మామూలు స్మార్ట్‌వాచ్ బ్లూటూత్ ద్వారా ఫోన్‌ను ఆనుకొని పనిచేస్తుంది. ఫోన్ నుంచి సుమారు 10 మీటర్లు దాటితే, తెలిసిన వైఫై ఏదీ అందుబాటులో లేనప్పుడు, దాని నుంచి కాల్ చేయడం సాధ్యం కాదు. సెల్యులర్ రకంలో ఈ-సిమ్ లోపలే అమర్చి ఉంటుంది కనుక అది నేరుగా టవర్‌తో మాట్లాడుతుంది. ఫోన్ పక్కన ఉన్నంతసేపు ఈ రకం కూడా బ్లూటూత్‌నే వాడుకుంటుంది. ఫోన్ దూరమైనప్పుడు మాత్రమే తన సొంత కనెక్షన్‌ను తెరుస్తుంది. బ్యాటరీని కాపాడుకోవడానికి తయారీదారులు అలా ఏర్పాటు చేశారు. దీన్ని బట్టి, ఫోన్‌ను ఎప్పుడూ జేబులో పెట్టుకొని తిరిగేవారు ఈ సౌకర్యానికి డబ్బు చెల్లించినా దాన్ని వాడుకునే సందర్భమే రాదని గ్రహించవచ్చు. మీ నాన్నగారు ఫోన్ వదిలేసి బయటికి వెళ్లే మనిషి. అదీ ప్రతిరోజూ, ఒక్కరే, ఇంకా చీకటి ఉండగానే వెళ్తున్నారు. ఈ వసతి సరిగ్గా అటువంటివారి కోసమే ఉంది.

ఇక ఏది కొనాలి? ఆపిల్ గడియారం ఐఫోన్‌తో తప్ప జత కాదు. శామ్‌సంగ్ గడియారాలు 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లతో మాత్రమే పనిచేస్తున్నాయి. నాన్నగారికి శామ్‌సంగ్ ఫోనే ఉంది కనుక గెలాక్సీ ఎల్‌టీఈ రకం, అంటే సెల్యులర్ రకం, సహజంగా సరిపోతుంది. ఐఫోన్ లేని కుటుంబ సభ్యుడి గడియారాన్ని మరొకరి ఐఫోన్ నుంచి సిద్ధం చేసే పద్ధతిని ఆపిల్ 2020లో తెచ్చిన మాట నిజమే. కానీ అందులో గడియారానికి వేరే నంబరు ఉంటుంది, కొన్ని సౌకర్యాలు తగ్గుతాయి, ఆపరేటర్ దానికి అనుమతించాలి. ఉన్న ఫోన్‌తో పోయే పనికి అంత చుట్టుదారి ఎందుకు? పైగా ధరలోనూ మీకు కలిసి వస్తుంది. ఇటీవలి మోడళ్లు మన దేశంలో విడుదలైనప్పుడు రెండు రకాల మధ్య తేడా శామ్‌సంగ్‌లో సుమారు 4,000 రూపాయలుగా, ఆపిల్ సిరీస్ గడియారాలలో సుమారు 10,000 రూపాయలుగా ఉండేది.

కొనే ముందు నాన్నగారి సిమ్ ఏ కంపెనీదో చూడండి. ఒకే నంబరు ఫోన్‌లోనూ, గడియారంలోనూ మోగాలంటే రెండింటికీ ఆపరేటర్ ఒకరే కావాలి, ఆ ఆపరేటర్ దగ్గర గడియారపు ఈ-సిమ్ సేవ ఉండాలి. మన దేశంలో ఈ సేవను జియో, ఎయిర్‌టెల్ 2018 మే నెలలో ఆపిల్ గడియారంతో మొదలుపెట్టాయి. ఇప్పుడున్న ప్లాన్‌లోనే ఇస్తారా, పోస్ట్‌పెయిడ్‌కు మారాలా, నెలకు అదనంగా ఎంత అన్నది కౌంటరులో అడిగి, వారు చెప్పినది మెసేజ్ రూపంలో తీసుకోండి. నెలకు 100 రూపాయలే అదనం అనుకున్నా మూడేళ్లకు 3,600 అవుతుంది. గడియారం ధరలోని తేడాకు దీన్ని కూడా కలుపుకొని చూస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. నా సొంత గడియారంలో కనెక్షన్ మొదలుకావడానికి ద్వారకానగర్‌లోని ఒక దుకాణానికి మూడుసార్లు తిరిగాను. నంబరు ఎవరి పేరు మీద ఉందో ఆ వ్యక్తే రావాలన్న సంగతి మూడోసారి వెళ్లినప్పుడు గానీ చెప్పలేదు. అందువల్ల మొదటిసారే నాన్నగారిని, వారి ఆధార్ కార్డును, ఫోన్‌ను వెంటబెట్టుకొని వెళ్లండి. కనెక్షన్ మొదలయ్యాక ఫోన్‌ను దుకాణం లోపలే ఉంచి, గడియారంతో రోడ్డు మీదకు వచ్చి, మీకు ఒక కాల్ చేయించి చూసిన తరువాతే అక్కడి నుంచి కదలండి.

పడిపోవడాన్ని గుర్తించే ఏర్పాటు ఇంత ధర గల గడియారాలలో ఉంటుంది. ఆపిల్‌లో అది 2018 నాటి సిరీస్ 4తో వచ్చింది, శామ్‌సంగ్‌లోనూ ఉంది. గట్టిగా పడినట్టు గడియారం పసిగట్టినప్పుడు ముందు మణికట్టు మీద తట్టి అడుగుతుంది. మనిషి జవాబివ్వకపోతే, ముందుగా నమోదు చేసిన నంబర్లకు కబురు పంపుతుంది. అయితే ఆ కబురు బయటికి వెళ్లడానికి దారి కావాలి. ఫోన్ ఇంట్లో ఉండి, మనిషి తెన్నేటి పార్కు దగ్గర ఉంటే, బ్లూటూత్ గడియారం పడిపోవడాన్ని గుర్తించినా ఎవరికీ చెప్పడం దాని వల్ల కాదు. మీ అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. శామ్‌సంగ్‌లో ఈ ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో మీరే చూసుకోండి, అత్యవసర నంబర్లలో మొదట మీ నంబరు పెట్టండి. 112కు కాల్ చేయడం ఎలాగో నాన్నగారి చేత రెండుసార్లు సాధన చేయించండి, కాల్ మాత్రం వెళ్లనివ్వకండి.

దీని హద్దులు కూడా చెప్పాలి. కళ్లు తిరిగి గోడను ఆనుకొని మెల్లగా జారి కూర్చుండిపోతే, గడియారం దాన్ని పడిపోవడంగా గుర్తించకపోవచ్చు. రక్తపోటు చూసుకోవడానికి ఇంట్లో ఉన్న బీపీ మిషన్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు. టవర్లు పనిచేయని రోజున ఇది కూడా పనిచేయదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన తరువాత రోజుల తరబడి ఫోన్లు మూగబోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటప్పుడు ఏ రకం గడియారమైనా ఒకటే. గడియారంలోని ఏంటెన్నా చాలా చిన్నది కనుక, ఫోన్‌కు సన్నగా సిగ్నల్ అందే చోట దీనికి అసలే అందకపోవచ్చు. నాన్నగారు నడిచే దారి పొడవునా ఒకరోజు మీరే ఆయనతో నడిచి, ఎక్కడైనా సిగ్నల్ పోతున్నదేమో చూడండి.

బ్యాటరీ గురించి నా అనుభవం చెబుతాను. ఒక ఆదివారం ఉదయం ఫోన్ ఇంట్లో పెట్టి, కురుసురా జలాంతర్గామి దగ్గర నడక మొదలుపెట్టాను. కాళీమాత గుడి దాటుతుండగా మా అక్కయ్య కాల్ చేసింది. చెయ్యి నోటి దగ్గర పెట్టుకొని మాట్లాడుతుంటే, అలల హోరులో నా మాట వినపడటం లేదని ఆవిడ పదే పదే అడిగింది. చివరికి రోడ్డుకు అవతలి వైపు, ఒక భవనం గోడ చాటున నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. 40 నిమిషాల మాటలు ముగిసేసరికి 82 శాతం ఉన్న చార్జింగ్ 45కు దిగింది. ఇందులో గడియారం తప్పేమీ లేదు. సొంత కనెక్షన్ మీద ఎక్కువసేపు మాట్లాడితే ఈ చిన్న బ్యాటరీలు త్వరగా కరిగిపోతాయి. నాన్నగారికి కావలసింది ఒకటి రెండు నిమిషాల కాల్ కనుక ఇది ఇబ్బంది కాదు. కానీ రోజూ రాత్రి దాన్ని చార్జింగ్‌లో పెట్టే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి. పడుకునే ముందు మాత్రలు ఇచ్చే వేళకే ఆ పనీ పెట్టుకుంటే మరచిపోరు.

ఇంకొక మాట. ఫోన్ ఎందుకు వద్దంటున్నారో నాన్నగారిని ఒకసారి నెమ్మదిగా అడగండి. జేబు బరువుగా ఉంటుందనీ, పెద్ద ఫోన్ జారిపోతుందనీ ఆయన అంటే, చిన్న 4జీ బటన్ ఫోన్‌తో పని జరుగుతుందేమో ఆలోచించండి. 2023లో జియోభారత్ ఫోన్ 999 రూపాయలకే వచ్చింది. దానికి చార్జింగ్ బెంగ తక్కువ, నెల ఖర్చూ తక్కువ. నడక వేళ ఎవరూ పిలవకూడదన్నదే ఆయన కోరిక అయితే, కాల్స్ మోగే గడియారాన్ని కూడా రెండోరోజే బల్ల మీద పెట్టేస్తారు. ఆ పక్షంలో కాల్స్ మోగకుండా చేసి, అత్యవసర ఏర్పాటు మాత్రమే ఉంచి ఇవ్వవచ్చని ఆయనకు ముందే చెప్పండి. పడిపోవడాన్ని గుర్తించడం బటన్ ఫోన్ వల్ల కాదు. పోయిన ఏడాది జరిగినదాన్ని బట్టి నేనైతే గడియారం వైపే మొగ్గుతాను.

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటాను. వారానికి నాలుగు రోజులు పరుగు తీస్తాను, ఈ ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా చేయాలనుకుంటున్నాను. ఫోన్ లేకుండా దూరం, వేగం నమోదు కావాలన్నా, పాటలు వినాలన్నా సెల్యులర్ గడియారమే తీసుకోవాలని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితుడు రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా అనుకుంటున్నారు. దుకాణాలలో కూడా ఈ పొరపాటును సరిదిద్దేవారు తక్కువ. దూరాన్ని, వేగాన్ని లెక్కగట్టేది గడియారంలోని జీపీఎస్. అది ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుందే గాని ఎవరికీ ఏమీ పంపదు, దానికి సిమ్‌తో పని లేదు. జీపీఎస్ సొంతంగా ఉన్న గడియారం అయితే చాలు. ఫోన్ ఇంట్లో ఉన్నా మీ పరుగు మొత్తం నమోదవుతుంది, ఇంటికి వచ్చాక ఫోన్‌లోకి చేరుతుంది. చవక గడియారాలు కొన్ని ఫోన్‌లోని జీపీఎస్‌ను అరువు తెచ్చుకుంటాయి కనుక, పెట్టె మీద ఆ వివరం మాత్రం చదివి కొనండి. పాటలను ఇంట్లో వైఫై మీద గడియారంలోకి దించుకొని, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వినవచ్చు. మీరు అడిగిన రెండు పనులకూ అదనపు డబ్బు అక్కరలేదు.

పరుగు మధ్యలో ఇంటివారికి మీరు ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు తెలియాలంటే, లేదా మధ్యలో కాల్స్ తీసుకోవలసిన ఉద్యోగం మీది అయితే, అప్పుడు సెల్యులర్ గురించి ఆలోచించండి. అలా ఆలోచించేటప్పుడు ముందు ఒక వారం ఫోన్‌ను ఇంట్లోనే వదిలి పరుగుకు వెళ్లి చూడండి. ఫోన్ లేదే అనిపించిన ప్రతిసారీ ఎందుకు అనిపించిందో ఇంటికి వచ్చి కాగితం మీద రాయండి. కాల్ కోసమే అయితే గడియారం ఆ లోటు తీరుస్తుంది. నేను ఇలా రాసుకున్నప్పుడు కాల్ అవసరం రెండుసార్లే వచ్చింది, డబ్బు చెల్లించాల్సిన అవసరం ఐదుసార్లు వచ్చింది. బీచ్‌లో మురీ మిక్చర్ బండివాడి దగ్గర ఉన్నది క్యూఆర్ కోడ్. నేను వాడే గడియారానికి కెమెరా లేదు కనుక దాంతో స్కాన్ చేయడం కుదరదు. అప్పటి నుంచి నేను బెల్టు లోపల ఒక 200 రూపాయల నోటు మడిచి పెట్టుకుంటున్నాను. మొబైల్‌కు వచ్చే ఓటీపీల విషయంలో కూడా జాగ్రత్త. ఆపిల్ గడియారం బయట మామూలు ఎస్ఎంఎస్‌లు అందుకోవాలంటే, ఇంట్లో ఉన్న ఐఫోన్ ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌లో ఉండాలి.

గిరి ప్రదక్షిణకు మాత్రం ఫోన్ తీసుకొని వెళ్లండి. ఆ దారి 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, గంటకు 4 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచినా 8 గంటలు పడుతుంది. ఆపిల్ సిరీస్ 5 వంటి గడియారానికి జీపీఎస్, ఎల్‌టీఈ రెండూ వాడుతూ వ్యాయామం నమోదు చేస్తే 5 గంటలని కంపెనీయే చెప్పింది. కొత్తవి ఇంతకంటే మెరుగైనా, లక్షల మంది ఒకే దారిలో నడుస్తూ టవర్ల మీద భారం పడిన రాత్రి, సిగ్నల్ కోసం వెతుకుతూ గడియారం బ్యాటరీ ఇంకా త్వరగా కరుగుతుంది. జనంలో మీవారు తప్పిపోతే వెతకడానికి నిండుగా చార్జింగ్ ఉన్న ఫోన్ మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: మేము పనిచేసే చోట భద్రతా కారణాల వల్ల ఫోన్లు గేటు దగ్గరే అప్పగించాలి. ఇంట్లో చిన్న పాప ఉంది. సెల్యులర్ గడియారం చేతికి ఉంటే ఇంటివారు నాతో మాట్లాడగలరు కదా?

జవాబు: అలా చేయకండి. ఫోన్‌ను వద్దన్న చోట, మైకు, సిమ్, జీపీఎస్ ఉన్న గడియారం కూడా ఫోన్‌తో సమానమే. మన ఊరిలో రక్షణకు సంబంధించిన కార్యాలయాలు, కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి; అక్కడ ఇది ఉద్యోగానికే ముప్పు తెచ్చే తప్పు. బ్లూటూత్ గడియారానికి అనుమతి ఉందో లేదో కూడా భద్రతా విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. పాప కోసం మీ విభాగం ల్యాండ్‌లైన్ నంబరును, పక్కన పనిచేసే పై అధికారి అనుమతితో, ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి కొత్త గడియారం కొనుక్కొని, తాను మూడేళ్లు వాడిన ఆపిల్ సెల్యులర్ గడియారాన్ని నాకు పంపుతానంటున్నాడు. నాకు ఐఫోన్ ఉంది. ఇక్కడ దాని కనెక్షన్ పనిచేస్తుందా? (సీతమ్మధార నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: గడియారంగా తప్పకుండా పనిచేస్తుంది. మీ ఐఫోన్‌కు జత చేస్తే అడుగుల లెక్క, గుండె వేగం, నోటిఫికేషన్లు అన్నీ వస్తాయి. సొంత కనెక్షన్ సంగతి వేరు. ఆపిల్ సెల్యులర్ గడియారాలను ఒక్కొక్క ప్రాంతానికి వేరే మోడల్ నంబరుతో, వేరే 4జీ బ్యాండ్లతో (సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణులతో) అమ్ముతూ వచ్చింది. ఇక్కడ జియో 4జీ ప్రధానంగా 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల మీద, ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300 బ్యాండ్ల మీద నడుస్తాయి. అబ్బాయి దగ్గరున్న మోడల్‌లో మీ ఆపరేటర్ బ్యాండ్లు లేకపోతే ఈ-సిమ్ ఎంత ప్రయత్నించినా ఫలితం ఉండదు. గడియారం సెట్టింగ్స్‌లో 'ఎ' అక్షరంతో మొదలయ్యే మోడల్ నంబరు ఉంటుంది. దాన్ని పంపమని చెప్పి, ఆపిల్ వెబ్‌సైట్‌లోని బ్యాండ్ల పట్టికతో సరిచూడండి. ఈ పని పార్సిల్ వేయకముందే జరగాలి.

పంపే ముందు అబ్బాయి చేయవలసిన పనులు ఇంకా ఉన్నాయి. తన ఐఫోన్ నుంచి ఆ గడియారాన్ని విడదీయాలి. అలా విడదీస్తేనే అతని ఖాతాతో పడిన తాళం తొలగిపోతుంది. తాళం ఉండగా వస్తే మీరు దాన్ని జత చేసుకోలేరు. అక్కడి ఆపరేటర్‌కు నెలనెలా కడుతున్న ప్లాన్‌ను కూడా రద్దు చేసుకోవాలి. విడదీయక ముందే సెట్టింగ్స్‌లో బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో చూసి చెప్పమనండి. అది 80 శాతం కంటే తగ్గి ఉంటే, బ్లూటూత్ మీద ఒక పగలు నెట్టుకురావచ్చు గాని, టవర్ మీద మాట్లాడటానికి అది చాలదు. ఆ పరిస్థితిలో మీ ఆపరేటర్ దగ్గర కనెక్షన్ తీసుకోకుండా, ఫోన్ జేబులో ఉంచుకొని మామూలు గడియారంగానే వాడుకోండి.